చేత్తో కుట్టి ఇచ్చే కానుక: ఎవరికి ఏది, ఏ గుడ్డ, ఏ కుట్టు

ఇంట్లోవాళ్లకు ఏదైనా చేత్తో కుట్టి ఇద్దామని అనిపించగానే చాలామంది ముందు డిజైన్ వెతుకుతారు. ఫోనులో వీడియోలు చూసి, నచ్చిన పూలగుత్తిని దిండు గలీబు నడిమధ్యలో మొదలుపెట్టేస్తారు. నేనైతే అక్కడ మొదలుపెట్టను. ఇచ్చాక ఆ వస్తువును ఎన్నాళ్లకోసారి ఉతుకుతారు, ఎలా ఉతుకుతారు అన్నది ముందు తేల్చుకుంటాను. ఏ గుడ్డ కొనాలి, చేతికుట్టు వెయ్యాలా మిషన్ మీద కుట్టాలా, ఏ దారం వాడాలి, పువ్వు ఎక్కడ పడాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలిపోతాయి. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకూ సముద్రపు ఉక్కకూ ఒంటిని తాకే గుడ్డ ఏదైనా ఒకటి రెండు రోజుల్లో నీళ్లలో పడాల్సిందే. పండగకోసారి బీరువాలోంచి తీసేదానికి సరిపోయే సాటిన్ కుట్టు (పువ్వంతా నిండేలా పక్కపక్కన పొడుగు పోగులు పరిచేది), బండ మీద పెట్టి బ్రష్షుతో రుద్దే గలీబు మీద నిలవదు. దాని పొడుగాటి పోగులు గాజులకూ గోళ్లకూ తగులుకుని పైకి లేస్తాయి.

ఇంకో సంగతి. అద్దాలు కుట్టిన కుషన్ కవరు ఇస్తే చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు, మాసిపోతుందని అవతలివాళ్లు దాన్ని మడతపెట్టి దాచేస్తారు. రోజూ చేతిలోకి తీసుకునే రుమాలు మీద చిన్న పువ్వు ఉంటే, అది ఇచ్చినవాళ్లు రోజూ గుర్తుకొస్తారు. రెండింటిలో నా ఓటు ఎప్పుడూ రుమాలుకే.

చేతికుట్టా, మిషనా?

రెండూ కావాలి. ఏది ఎక్కడ అన్నదే ప్రశ్న. మిషన్ కుట్టులో పైదారం, బాబిన్ దారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే అతుకు గట్టిగా ఉంటుంది, పని చకచకా అయిపోతుంది. సంచి పట్టీలు, గలీబు పక్కలు, పిల్లల లంగా నడుము లాంటి లాగుడు పడే చోట్లకు మిషనే మేలు. మిషన్ లేకపోతే చేత్తో బఖియా వెయ్యండి. ప్రతి కుట్టూ వెనక్కి వచ్చి ముందుకు పోతుంది కాబట్టి అదీ గట్టిదే, కాకపోతే టైమ్ పడుతుంది. సూదిని పైకీ కిందికీ గుచ్చుకుంటూ ముందుకే పోయే మామూలు పరుగుకుట్టు మాత్రం లాగుడుకు ఆగదు. బొంతకూ, తర్వాత విప్పేసే కచ్చాకుట్టుకూ దాన్ని ఉంచుకోవాలి.

పల్చటి మల్లు గుడ్డ అంచు మడవడానికి చెయ్యే మంచిది. మిషన్ పళ్ల కింద మల్లు నలిగి ముడుచుకుపోతుంది, మూలల దగ్గర సూది కిందికే దిగబడుతుంది. చేత్తో అయితే అంచును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి కొద్దిగా తడి చేసి దొర్లిస్తే సన్నటి చుట్టలా తిరుగుతుంది. ఆ చుట్టలోంచి సూదిని జార్చి, కింద గుడ్డలో ఒక్క పోగును పట్టుకుని, మళ్లీ చుట్టలోకి దూర్చాలి. అలా అయిదారు కుట్లు వదులుగా వేసి అప్పుడు దారం లాగితే అంచు దానంతట అదే మూసుకుంటుంది, కుట్టు బయటికి కనపడదు. ఈ పనిలో ఉన్న సుఖం ఏ మిషనూ ఇవ్వదని నాకు గట్టి నమ్మకం. మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో కూర్చుని ఒక అంచు పూర్తిచేస్తే మనసు తేలికపడుతుంది. బస్సులో, ఆసుపత్రి వరండాలో, పిల్లల ట్యూషన్ బయట, ఎక్కడైనా సంచిలోంచి తీసి కుట్టుకోవచ్చు.

ఏడాదికి నాలుగైదు కానుకల కోసమే అయితే మిషన్ కొనొద్దు. లాగుడు పడే అతుకులు వీధిలో జాకెట్లు కుట్టే టైలరమ్మకు ఇచ్చి వేయించుకోండి, పువ్వులూ అక్షరాలూ కుట్టే పైపని మీరు చేసుకోండి. కొనాలనే ఉంటే ఎవరింట్లోనైనా మూలపడ్డ పాత నల్లటి తొక్కుడు మిషన్‌ను ఆయిలు వేయించి బాగుచేయించుకోవడం నా మొదటి సలహా. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సంక్రాంతి కుట్టుపని జరిగేదీ సరిగ్గా అప్పుడే. తుపాను రోజుల్లో కరెంటు పోయినా తొక్కుడు మిషన్ ఆగదు. మోటారు మిషన్‌లో జిగ్‌జాగ్, కాజా కుట్టు ఉంటాయి. జాకెట్లు, గౌన్ల దాకా వెళ్లాలనుకునేవాళ్లు దాన్ని తీసుకోవచ్చు. అరచేతిలో పట్టే చిన్న బ్యాటరీ మిషన్లు మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. అవి ఒంటిదారంతో గొలుసుకుట్టు వేస్తాయి. కొస ఊడిందంటే ఒక్క లాగుకు కుట్టంతా వచ్చేస్తుంది.

సూది కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మిషన్ సూదికి నంబరు పెరిగేకొద్దీ సూది లావు. మల్లుకూ సన్న నూలుకూ 11, పాప్లిన్‌కూ మామూలు నూలు గుడ్డకూ 14, సంచి గుడ్డకు 16. చేతి సూదికి ఇది తలకిందులు, నంబరు పెరిగేకొద్దీ సన్నం. షాపులో నంబరొక్కటే చెప్పకుండా, ఏ సూదో, ఏ గుడ్డకో కూడా చెప్పండి. సముద్రపు గాలికి సూదులు త్వరగా తుప్పుపడతాయి కాబట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఒక సుద్దముక్కతో పాటు పెట్టుకోండి. తుప్పుసూది తెల్లగుడ్డ మీద వదిలిన మరక పోవడం చాలా కష్టం.

కొత్త గుడ్డా, పాత చీరా?

నూలుబట్ట విషయంలో మన ప్రాంతం పెట్టిపుట్టింది. 2022లో జిల్లాల హద్దులు మారి వెంకటగిరి, చీరాల పక్క జిల్లాల్లోకి వెళ్లినా, నెల్లూరువాళ్లకు వెంకటగిరి చీర, ఒంగోలువాళ్లకు చీరాల కట్‌పీసు ఇంటి సరుకే. కోవూరు పక్కన పాటూరులో మగ్గాల మాట ఇంకా వినపడుతుంది. కాబట్టి పాలిస్టర్ కలిసిన మెరుపు గుడ్డ జోలికి పోకుండా నూలుతోనే కుట్టండి. సూది సాఫీగా దిగుతుంది, మడత పెట్టిన చోట నిలుస్తుంది, చెమట పీలుస్తుంది.

కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకుకు కుంచించుకుపోతుంది. షాపులో ఏం చెప్పినా సరే, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. గంజి కూడా ఆ నీళ్లలోనే పోతుంది. నిలువుగా, అడ్డంగా పోగులు తిన్నగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. అంచు దగ్గర ఒక పోగును లాగేసి, ఆ గీత వెంట కత్తిరిస్తే ముక్క వంకర పోదు.

పాత చీర సంగతి వేరు. అది కుంచించుకోదు, రంగు దిగదు, అన్నేళ్ల ఉతుకులకు మెత్తబడి ఉంటుంది. అమ్మమ్మ కట్టిన చీరతో మనవరాలికి కుట్టి ఇస్తే ఆ కానుకకు ఏ కొత్త గుడ్డా సాటి రాదు. అయితే బలం చూసుకోవాలి. చీరను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే పలచబడ్డ చోట్లు జల్లెడలా కనిపిస్తాయి. రెండు బొటనవేళ్లూ దగ్గరగా పెట్టి గుడ్డను మెల్లిగా విడదీయండి. పోగులు జరిగాయంటే, చిన్నగా చర్రుమన్నదంటే ఆ ముక్క పై వరసకు పనికిరాదు. కూర్చునే చోట పడే భాగం, కాళ్లకు తగిలే కింది అంచు ముందు నలిగిపోతాయి. కుచ్చిళ్లలోకి వెళ్లే భాగం సాధారణంగా బాగుంటుంది.

నా ఎంపిక ఇలా ఉంటుంది: పసిపిల్లలవి, బొంతలు అయితే పాత చీర. గలీబులు, రుమాళ్లు, సంచులు అయితే కొత్త గుడ్డ. వీటికి పాత గుడ్డ వాడితే మీరు పెట్టిన పువ్వు బాగానే ఉంటుంది గానీ దాని కింద గుడ్డ చిరుగుతుంది. అంత పని అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎవరికి ఏది?

పురిటి పిల్లకు ఇచ్చేవాళ్లంతా చొక్కానే కుడతారు. చిన్నచొక్కా ముద్దుగానే ఉంటుంది, కానీ నెల తిరిగేసరికి పట్టదు. పొత్తిగుడ్డలు, చిన్న బొంత అయితే ఏడాది దాటినా వాడతారు. పాత వెంకటగిరి నూలుచీర ఇంట్లో ఉంటే అంతకన్నా మంచిది లేదు. దాని సన్న నూలు అరిగి అరిగి పసిచర్మానికి హాయిగా తగులుతుంది. జరీ అంచు మాత్రం కోసి పక్కన పెట్టేయండి, అది గీరుతుంది. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది కాబట్టి మీటరు చొప్పున అయిదు ముక్కలు వస్తాయి. మూడు వరసలతో బొంత, మిగిలిన రెండూ పొత్తిగుడ్డలు. మన ఎండలకు మూడు వరసలు చాలు, పైగా త్వరగా ఆరుతుంది. అక్కడక్కడా గుండుసూదులు కాకుండా పొడుగాటి కచ్చాకుట్లు వేసి వరసలు కదలకుండా చేసుకుని, మధ్యలోంచి అంచులవైపు పరుగుకుట్టు వేసుకుంటూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో ఉబ్బిపోతుంది. వరసకీ వరసకీ రెండు వేళ్ల ఎడం చాలు. బిడ్డ కింద పరవడానికే ఇది, ముఖం మీదికి వచ్చేలా కప్పడానికి కాదని ఇచ్చేటప్పుడు చెప్పండి.

చొక్కానే కుడతానంటే గుండీలు, పూసలు, హుక్కులు లేకుండా ముడివేసే పొట్టి తాళ్లతో కుట్టండి. అతుకులు బయటివైపు ఉండనివ్వండి. లోపల ఉంటే చంకల్లో ఒరుసుకుంటుంది. బిడ్డ పుట్టకముందే కొత్తబట్టలు సిద్ధం చేయకూడదనే పట్టింపు మన ఇళ్లలో చాలాచోట్ల ఉంది. అలాంటి ఇంటికైతే పాత చీర బొంత ముందే కుట్టి పెట్టుకుని బారసాలకు ఇస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

అవ్వాతాతలకు దిండు గలీబులు ఇవ్వండి. మామూలు దిండు 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు ఉంటుంది, అయినా ఒకసారి టేపు పెట్టి చూసుకోండి. జిప్పూ గుండీలూ లేకుండా, ఒక కొసన ఆరంగుళాల మడత లోపలికి దోపే రకమే పెద్దవాళ్లకు సుఖం. ఒక గలీబుకు 62 అంగుళాల పొడవు, 19 అంగుళాల వెడల్పు ముక్క కావాలి. 44 అంగుళాల పన్నా గుడ్డ మీటరుముప్పావు తీసుకుంటే కుంచించుకుపోయేది పోను పక్కపక్కన రెండు గలీబులు వస్తాయి. పక్కలకు ఫ్రెంచ్ కుట్టు వెయ్యండి. ముందు మంచివైపు బయటికి ఉంచి సన్నగా ఒక కుట్టు వేసి, తిరగేసి, పచ్చి అంచులు లోపల ఉండిపోయేలా ఇంకో కుట్టు వెయ్యాలి. ఓవర్‌లాక్ అవసరం లేదు, పోగులు లేవవు. పువ్వును నడిమధ్యలో పెట్టకండి. చెంప ఆనే చోటు అది. తెరిచే కొసకు రెండంగుళాల లోపల, మూలకు వేస్తే కంటికీ బాగుంటుంది, చెంపకూ గుచ్చుకోదు. ముడులు కట్టే ఫ్రెంచ్ నాట్ లాంటివి గలీబు మీద అసలొద్దు.

తాతకు తువ్వాలు అనుకుంటే ఖాదీ తీసుకోండి. 1921లో గాంధీగారు వచ్చి ప్రారంభించిన పల్లెపాడు ఆశ్రమం ఉన్నది మన నెల్లూరు జిల్లాలోనే. పెద్దవాళ్లలో ఖాదీ మీద మమకారం ఇంకా పోలేదు. కొసల్లో నాలుగు వేళ్ల మేర అడ్డపోగులు లాగేసి, నిలువుపోగులను గుత్తులుగా ముడివేస్తే కుచ్చులు వస్తాయి. అంతకుమించి అలంకారం అక్కర్లేదు.

మొగుడికి, అన్నదమ్ములకు, అల్లుడికి రుమాళ్లు. మగవాళ్లకు ఏం కుట్టాలో తెలియడం లేదని అందరూ అంటారు, కానీ వాళ్లకు కుట్టడమే అన్నిటికంటే సులువు. కాంబ్రిక్ అంటే మల్లు కన్నా చిక్కటి సన్న నూలు గుడ్డ. 44 అంగుళాల పన్నా ఉన్నది మీటరుంపావు తీసుకుంటే 14 అంగుళాల ముక్కలు తొమ్మిది వస్తాయి. మరీ పల్చగా ఉండే మల్లు ఆడవాళ్ల రుమాళ్లకు బాగుంటుంది గానీ మగవాళ్ల చెమటకు చాలదు.

ఆడపడుచుకో కోడలికో జాకెట్ కుట్టి ఇద్దామనుకుంటే కాస్త ఆగండి. కొలత అరంగుళం తప్పితే కానుక కాస్తా మొహమాటం అవుతుంది. దానికి బదులు జాకెట్ గుడ్డ మీద చేతుల అంచులకు సరిపడా సన్నటి తీగె కుట్టి, కుట్టించుకునే పని ఆమె టైలరుకే వదిలేయండి. కింద మడతకు అంగుళంన్నర, పక్కలకు ధారాళంగా గుడ్డ వదిలి కుట్టాలి. మగ్గం వర్క్ వేరే దారి. రాళ్లు, జర్దోసీ ఉన్న జాకెట్టును రోజూ ఉతకలేం, పెళ్లిళ్లకే అది. చేతి ఎంబ్రాయిడరీతో దానికి పోటీ పడాల్సిన పని లేదు.

సంచి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కూరగాయలకు గట్టి గుడ్డ, పట్టీలకు చతురస్రంగా కుట్టు, దాని లోపల మూల నుంచి మూలకు అడ్డగీతలు, లోపల అతుకులకు ఫ్రెంచ్ కుట్టు. కోసి పక్కన పెట్టిన వెంకటగిరి జరీ అంచును సంచి పైవార చుట్టూ వేస్తే కూరగాయల సంచే పేరంటానికీ వస్తుంది.

దారం, రంగు

అతుకులకు పాలిస్టర్ దారం నూలు దారం కన్నా గట్టిది. గుడ్డ నూలైనా సరే అతుక్కు అదే వాడండి. పైపనికి ఎంబ్రాయిడరీ నూలు దారమే అందం. ఒక లచ్చీలో ఆరు పోగులు ఉంటాయి. సన్న గుడ్డకు రెండు, గలీబుకు రెండో మూడో చాలు. ఆరూ కలిపి కుడితే పువ్వు ముద్దగా అయిపోతుంది. మోచేతి పొడవుకు మించి దారం ఎక్కించకండి. పొడుగైతే చిక్కులు పడుతుంది, పదేపదే గుడ్డలోంచి జారి నూగు లేస్తుంది.

ఎరుపు, మెరూన్, నీలం దారాలకు పరీక్ష తప్పనిసరి. చిన్న ముక్క తడిపి తెల్లగుడ్డలో చుట్టి, పైన వేడి ఇస్త్రీపెట్టె పెట్టండి. తెలుపు మీద రంగు మచ్చ పడితే ఆ దారం తెల్ల రుమాలుకు వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అంటారు, నాకు ఆ నమ్మకం లేదు. దారం మార్చుకోవడమే మేలు. డిజైన్ గీసేటప్పుడు బాల్‌పెన్ను ముట్టుకోకండి. టైలర్ సుద్ద గానీ, లేతగా చెక్కిన పెన్సిల్ గానీ చాలు.

పేరు కుట్టాలంటే

కానుక మీద పేరు ఉంటే దాని విలువే వేరు. తెలుగులోనే కుట్టండి. మన అక్షరాలు గుండ్రం కాబట్టి కుట్టు ఎంపిక ఇక్కడ చాలా ముఖ్యం. మ్యాటీ గుడ్డ మీద వేసే క్రాస్ స్టిచ్ చదరాల లెక్క మీద నడుస్తుంది. అందులో ‘ల’, ‘ర’ మెట్లు మెట్లుగా వచ్చి ముచ్చట పోతుంది. గొలుసుకుట్టు వంపులు బాగా తిరుగుతుంది గానీ గీత లావు. పెద్ద అక్షరానికి, సంచి మీదికి, పిల్లల బొంత మీదికి అది బాగుంటుంది. రుమాలు మీద అరంగుళం అక్షరానికి కాడకుట్టును (స్టెమ్ స్టిచ్) మించింది లేదు. దారం ఎప్పుడూ ఒకేవైపు ఉండాలి, ప్రతి కుట్టూ ముందుదాని సగంలోంచి లేవాలి. తిన్నగా ఉన్న చోట కుట్లు కాస్త పొడుగైనా ఫర్వాలేదు, వంపు తిరిగే చోట మాత్రం బియ్యపుగింజలో సగం ఉండాలి. తలకట్టును అక్షరంతో కలిపి లాగకుండా, అక్షరం పూర్తయ్యాక విడిగా వెయ్యండి. ‘వ’కు మాత్రం అది అక్షరాన్ని తాకేలా చూసుకోండి, లేకపోతే ‘ప’లా కనిపిస్తుంది.

ఒత్తులున్న పేర్లకు అరంగుళంలో చోటు చాలదు. లక్ష్మి అని పూర్తిగా కుట్టబోతే కింది ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అక్షరం ఎత్తు అంగుళానికి పెంచండి, లేదా ‘ల’ ఒక్కటే కుట్టి పక్కన చిన్న లేజీ డైజీ పువ్వు (రేకుకో ఉచ్చు చొప్పున వేసేది) వెయ్యండి. నేను రెండోదే ఎంచుకుంటాను. ఉతికినకొద్దీ ఒత్తుల దగ్గర దారం నలిగి అక్షరం చెదురుతుంది. ఒంటి అక్షరం ఎన్నాళ్లైనా చక్కగా ఉంటుంది. వెనకవైపు ముడి వేయకండి. కొసను నాలుగైదు కుట్ల కిందుగా జార్చి కత్తిరిస్తే ముఖం తుడుచుకునేటప్పుడు గుచ్చుకోదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

సంక్రాంతికి బొంత, గలీబులు రెండూ ఇవ్వాలంటే దసరా సెలవుల్లోనే గుడ్డ కొని, తడిపి, కత్తిరించి పెట్టుకోండి. వానలు మొదలయ్యాక తడిపిన గుడ్డ తొందరగా ఆరదు, వాసన పడుతుంది. కత్తిరించిన ముక్కలు చేతిలో ఉంటే తుపాను రోజులన్నీ కుట్టుపనికి కలిసొస్తాయి. పెళ్లిరోజుకో పుట్టినరోజుకో ఎండాకాలంలో కుట్టాల్సి వస్తే తెల్లవారి చల్లపూట కూర్చోండి. చెమట చేత్తో కుడితే తెల్లగుడ్డ పసుపు తిరుగుతుంది, సూది కూడా జారుతుంది.

పండగ నాలుగు రోజుల్లోకి వచ్చేసి చేతిలో ఏమీ లేకపోతే బొంత సంగతి వచ్చే ఏడాదికి పెట్టుకోండి. కాంబ్రిక్ తెచ్చి, ఆ రాత్రే తడిపి ఆరేసి, అంచులు మిషన్ మీద మడిపించి, ఒక్కో రుమాలు మూలన ఆ మనిషి పేరులోని మొదటి అక్షరం కాడకుట్టుతో వెయ్యండి. అందరికీ ఒకే గుడ్డ, ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం. ఇస్త్రీ చేసేటప్పుడు అక్షరం ఉన్న వైపును కిందికి తిప్పి, మెత్తటి తువ్వాలు మీద పరవండి. పైనుంచి తోమితే కుట్టు అణిగిపోతుంది.